జూన్ ఒకటో తారీకు

గుండిగ ఇంకా మరగలేదు. అది మరగాలి, ఎసట్లో బియ్యం పడాలి, అన్నం ఉడకాలి, అందరూ తినాలి, ఆకులు ఎత్తాలి, మైకులో మాట్లాడాల్సిన వాళ్లంతా మాట్లాడాలి, అప్పుడు గాని రోడ్డు వదలరట. ఇబ్రహీం ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని ఆ గుండిగ కింది మంటనే చూస్తున్నాడు. పచ్చి కట్టెలు పెట్టారు. పచ్చి కట్టెలకు పొగ తప్ప ఏమొస్తుంది? పొయ్యి రాజెయ్యడం రాని వాళ్లకు వంటావార్పు ఎందుకు? తారు రోడ్డు నడిమధ్యన మూడేసి రాళ్లు పెట్టి ఐదు పొయ్యిలు వేశారు. అవతల మానుకోట, ఇవతల కొత్తగూడ అడవి, మధ్యన ఈ ఐదు పొయ్యిలు. వెనక సీట్లో తండా నుంచి వచ్చిన కవిత, ఆమె ఒళ్లో పిల్ల గంగి. పిల్ల ఏడవడం లేదు. పొద్దున బయలుదేరినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడిస్తే బాగుండును. ఏడిస్తే ఆ పొయ్యిల కాడి వాళ్లైనా తల తిప్పి చూసేవాళ్లు. చప్పుడు చేస్తే గాని ఎవరికీ ఏదీ కనపడని కాలం ఇది. డప్పు కొట్టాలి, మైకు పెట్టాలి, రోడ్డు మీద పొయ్యి వెయ్యాలి. చప్పుడు చేయడానికి ఓపిక లేని దాని సంగతి ఎవరు చూస్తారు?

సమ్మె మొదలై ఇవాళ్టికి ఇరవై తొమ్మిది రోజులు. బస్సు లేదు, బడి లేదు, ఆఫీసు లేదు. భూపాలపల్లి గనుల్లోంచి బొగ్గు పైకి రావడం లేదని, అందుకే కరెంటు పూటకు గంట ఉంటే గొప్ప అని జావేద్ అంటున్నాడు. జావేద్ ఇబ్రహీం చెల్లెలి కొడుకు, ఆటో వాడిదే. పిల్లల తూకాలు పంపమని స్వచ్ఛంద సంస్థ ఇచ్చిన ఫోనుకు కూడా వాడి బ్యాటరీ నుంచే తీగ లాగి చార్జింగు పెట్టుకోవాల్సి వచ్చింది. సమ్మె తప్పని ఇబ్రహీం ఎన్నడూ అనలేదు. తెలంగాణ రావాలి, వచ్చి తీరాలి. తన సైకిల్ షాపు గోడ మీద జై తెలంగాణ అని సున్నంతో రాసింది తానే. ఆ సంగతి ఇందాక కర్ర అడ్డం పెట్టిన గులాబీ కండువా మనిషికి చెప్పబోతే వాడు సగం కూడా వినలేదు.

"అంబులెన్సు అయితే ఇడుస్తం. ఇది ఆటో. పొద్దటి సంది వచ్చినోళ్లంత బీమారనే చెప్తున్నరు."

"పిల్లను సూడు. నీకు కండ్లున్నయా?"

వాడు వంగి చూశాడు. "బొద్దుగనే ఉన్నది గదా, పెద్దమనిషీ! జర ఓపిక పట్టు, తిని పోదురు," అని నవ్వుకుంటూ పోయాడు.

బొద్దుగా ఉందట. అది బొద్దా? మొహానికీ పాదాలకూ పట్టిన నీరు. తన భార్య అజీజ్‌బీ బతికి ఉంటే ఆ కండువా వాడి చెయ్యి పట్టుకు లాక్కొచ్చి, వాడి బొటనవేలినే పిల్ల పాదం మీద పెట్టి ఒత్తించేది. ఒత్తిన చోట గుంట పడి పూడకుండా ఉంటే చూడరా ఇది బొద్దా అని అడిగేది. పదిహేడేళ్లు ఊళ్లో, తండాలో పిల్లల తూకం ఆమే వేసింది. చింతకొమ్మకు కొక్కెం కాటా తగిలించి, చెడ్డీ లాంటి గుడ్డసంచిలో పిల్లను దించి, ముల్లు ఆగేలోపు తొడ లోపలి చర్మం రెండు వేళ్లతో పట్టి చూసేది. ముల్లు ఏం చెప్పినా, ఆమె వేళ్లు చెప్పిందే ఆమెకు లెక్క. ఆమెకు సంతకం కూడా రాదు. అయినా ఏ పిల్ల ఏ పూట పుట్టిందో, తల్లికి ఎన్నో కాన్పో, ఆనాడు ఆ ఇంట్లో ఏం వండారో కూడా చెప్పేది. గుంట పూడకపోతే మారు మాట్లాడేది కాదు. పిల్లను చంకన వేసుకుని రోడ్డెక్కేది. ఒకసారి ఎడ్లబండిలో, ఒకసారి ఇసుక లారీలో. మెసేజి వస్తేనే మంచం అని అప్పుడు ఎవరూ అనలేదు.

ఇప్పుడు మెసేజి కావాలి. ఎర్ర మెసేజి. తండాలో, ఊళ్లో కలిపి నలభై ఒక్క మంది పిల్లల పేర్లు ఈ బటన్ల ఫోన్లో ఉన్నాయి. నెలకోసారి తూకం కొడితే అదే పుట్టిన తారీకుతో లెక్క చూసుకుని రంగు చెబుతుంది. ఆకుపచ్చ అంటే బాగుంది, పసుపు అంటే కనిపెట్టుకుని ఉండాలి, ఎరుపు అంటే మానుకోటలో సంస్థ నడిపే పిల్లల వార్డులో మంచం. పొద్దున కవిత షాపు ముందుకొచ్చి నిలబడినప్పుడు ఇబ్రహీం ముందు కాటా తీశాడు, తర్వాతే పిల్లను చూశాడు. ఏడు కిలోల ఏడువందలు. కొట్టాడు. 'శుభం. శిశువు ఎదుగుదల సంతృప్తికరం.' ఆకుపచ్చ. ఆ పచ్చరంగు మీంచి తలెత్తి చూస్తే పిల్ల కళ్లు సగం మూసి ఉన్నాయి, పెదవి మూల పగిలి ఉంది, ఈగ వాలితే తోలుకోవడం లేదు. మూడు రోజులైంది బాపూ, ఏం పెట్టినా నోరు తెరుస్తలేదు, అంది కవిత. దగ్గరి దవాఖానలో ఉన్న ఒక్క నర్సు చూసి, ఇక్కడ కాదు, మానుకోటకే తీసుకపొమ్మంది. సంతృప్తికరం! ఎవరికి సంతృప్తి? ఎవడి కడుపు నిండింది? ఆ మాట ఎవడు రాసి పెట్టాడో గాని, వాడు జన్మలో ఒక పిల్లను ఎత్తుకుని ఉండడు.

ఈ నాలుగు దారుల దగ్గర తప్ప దారిలో ఎక్కడా సిగ్నల్ అందదు. అందుకే ఆటో ఆగీ ఆగగానే ప్రమీలకు కొట్టాడు. ప్రమీల సూపర్‌వైజరు, మానుకోటలో వార్డు పక్క గదిలో కూర్చుంటుంది. చెడ్డ మనిషి కాదు. అదే ఇంకా కోపం. చెడ్డ మనిషైతే తిట్టి ఫోను పెట్టేసేవాడు.

"ఇబ్రహీమన్నా, నాకు నీ మీద నమ్మకం లేక గాదు. నా కంప్యూటర్ల గంగికి పచ్చ ఉన్నది. పదహారు నెలల పిల్లకు ఏడు ఏడువందలు సాలు అంటున్నది."

"కంప్యూటర్ ఏమన్నా పిల్లను సూసిందా? నేను సూస్తున్న. కాళ్లు ఉబ్బినయి."

"ఉబ్బింది నేను రాసుకుంట. కానీ ఎర్ర మెసేజి లేకుంట మంచం ఇయ్యొద్దని పైనుంచి రాతపూర్వకంగ ఉన్నది. నాలుగు మంచాలున్నయి, తొర్రూరు దిక్కు నుంచి ఆరుగురు వస్తున్నరు. మూడు గంటలకు పేర్లు ఖాయం చేస్తరు. మెసేజి పంపు, నేను గేటు కాడ నిలబడి లోపలికి తీసుకపోత. ఒట్టు."

"పచ్చని ఎర్రగ నేనెట్ల చేస్త?"

"ఏమో అన్నా. తారీకు, తూకం, ఏదన్న తప్పు కొట్టినవేమో సూసుకో."

తప్పా? తాను తప్పు కొట్టడమా? ఫోను సీటు మీద విసిరాడు. రెండు దాటింది. మూడు గంటలకు గంట కూడా లేదు, పొయ్యిల అవతలి నుంచి మానుకోటకు ముప్పావు గంట దారి, గుండిగ మరగలేదు. తప్పు కొట్టాడట. తొమ్మిది నెలల్లో ఒక్క నెల ఆలస్యం లేదు, ఒక్క గడి ఖాళీ లేదు. మూడు మండలాల్లో తనంత త్వరగా పంపినవాడు లేడని, తన ఊళ్లో ఒక్క ఎరుపు కూడా లేదని, జనగామలో మీటింగు పెట్టి కాగితం చేతికిచ్చి చప్పట్లు కొట్టించారు. నర్మెట్ట నుంచి వచ్చిన ఒకామె లేచి, అన్న దగ్గర మేమందరం నేర్చుకోవాలె అంది. ఆ చప్పట్లు విని ఇబ్రహీంకు సంతోషం కలగలేదు. పగ తీరినట్టయింది. అదే ఫంక్షన్‌హాలు, అదే మైకు, కింద అవే ఎర్ర కుర్చీలు. అంతకు ముందు డిసెంబరులో అక్కడే అజీజ్‌బీతో కలిసి నవ్వారు. కాదు, అజీజ్‌బీని చూసి నవ్వారు.

కోస్తా నుంచి వచ్చాడు శిక్షణ ఇచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. అందరికీ ఫోన్లు పంచి, ఇది నొక్కండి, అది నొక్కండి అని పెద్ద తెర మీద చూపించాడు. అజీజ్‌బీ వేలు లావు. ఒక బటను ఒత్తితే రెండు పడతాయి. చెయ్యెత్తి లేచింది. "సార్, గిది ఎట్ల ఒత్తాలె?" అంది. వాడు మైకు దగ్గరికి తెచ్చుకుని, ముక్కుతో, సినిమాలో పనిమనిషి వేషం కట్టినట్టు, "గిది... ఎట్ల... ఒత్తాలె..." అన్నాడు. హాలంతా నవ్వింది. కోస్తా వాళ్లు ఎందరున్నారు అక్కడ? ఇద్దరు, ముగ్గురు. నవ్వింది ఎవరు? పాలకుర్తి వాళ్లు, నర్మెట్ట వాళ్లు, గిది గది అని మాట్లాడే తల్లులకు పుట్టినవాళ్లు. సినిమా హాల్లో కూర్చుని నవ్వడం మరిగినవాళ్లు. తోడుగా వెళ్లి వెనక వరసలో కూర్చున్న ఇబ్రహీం లేచి వాడి గల్లా పట్టలేదు. ఎందుకు పట్టలేదు? భోజనాలు ఇంకా పెట్టలేదు గనకనా? దారిఖర్చు ఇవ్వరనా? అజీజ్‌బీ కూర్చుంది. ఇంటికొచ్చి ఆ ఫోనును కాటా సంచిలో అడుగున పెట్టింది. జనవరి దాటకుండానే ఒక పొద్దున వాకిలి ఊడుస్తూ ఎడమవైపు పడిపోయి మళ్లీ లేవలేదు. నెత్తుటిపోటు అన్నారు. ఎప్పటి నుంచో ఉండి ఉంటుంది అన్నారు. ఉండే ఉంటుంది. అయినా వాడిని ఇబ్రహీం క్షమించడు. క్షమించమని వాడు అడగనూ లేదు. వాడికి ఆమె పేరు కూడా గుర్తుండదు.

ఆ పని నేను చేస్తానని ఫోను తానే తీసుకున్నాడు. ఊళ్లో తెలుగు చదవగలిగి, బటన్లతో వేగగలిగిన వాళ్లు వేరే లేరు, ఉన్నవాళ్లు హైదరాబాదు పోయారు. సైకిల్ హబ్బు విప్పి బాల్‌ బేరింగులు లెక్కపెట్టి మళ్లీ కూర్చే చేతికి ఇదొక లెక్కా? నాలుగు రోజుల్లో పట్టేశాడు. శిక్షణ వాడికి పాఠం చెప్పేంత పట్టేశాడు. 'శిశువు జన్మతేదీ నమోదు చేయుము.' మొదటి గడి అదే. అది నింపకపోతే రెండో గడి తెరుచుకోదు. తెలియదు అని రాస్తే ఒప్పుకోదు. ఎండాకాలం అంటే ఒప్పుకోదు. అంకెలు కావాలి. తండాలో ముప్పై ఇళ్లు, పుట్టిన కాగితం ఉన్నది ఇద్దరు పిల్లలకు. ఇబ్రహీం ప్రతి గుడిసె ముందూ నిలబడి, ఫోన్లో ఉన్నది ఉన్నట్టు చదివాడు: శిశువు జన్మతేదీ ఎంత? ఇంట్లో లంబాడీల గోర్ భాష మాట్లాడుకునే ఆడవాళ్లకు అది ఏం అర్థమవుతుంది? కవితను కూడా అలాగే అడిగాడు. ఆమె ఆరుబయట మక్కలు ఒలుస్తోంది. చలికాలం బాపూ, అంది. చలికాలం ఎన్నో తారీకు? ఏమో బాపూ. ఇట్లయితే ఎట్ల, నాకు ఇంకా పదిహేను ఇండ్లున్నయి, అని కసిరాడు. ఆమె తలవంచుకుని మళ్లీ మక్కలు అందుకుంది. ఆమె పెనిమిటి ప్రేమ్‌సింగ్ మట్టిపనికి పోయి ఉన్నాడు, అడగడానికి వేరే మనిషి లేడు. ఇబ్రహీం పిల్లను చూశాడు. నడవడం లేదు, గోడ పట్టుకుని నిలబడుతోంది. ఏడాది కూడా ఉండదు అనుకున్నాడు. పోయిన జూన్ వేశాడు. ఒకటి, ఆరు, రెండువేల పది. రెండో గడి తెరుచుకుంది.

ఏం, తప్పేంటి? తనకు మాత్రం ఎవరు పుట్టినరోజు రాశారు? సోమనర్సయ్య సారు. నాయిన చెయ్యి పట్టుకుని బడికి తీసుకుపోతే సారు తనను ఎగాదిగా చూసి, కుడిచేత్తో నెత్తి మీంచి ఎడమ చెవి అందుకొమ్మన్నాడు. అందింది. అయితే ఆరేండ్లు, అని రిజిష్టర్లో జూన్ ఒకటి వేశాడు. ఆ ఏడు చేరిన ఇరవై ఇద్దరూ జూన్ ఒకటినే పుట్టారు. అందరికీ అదే. బడి జూన్‌లో తెరుస్తారు, పిల్లలు జూన్‌లో పుడతారు. ఓటరు కార్డులో అదే, రేషన్ కార్డులో అదే, అజీజ్‌బీ చనిపోయినప్పుడు కాగితంలో ఆమెకూ అదే రాయించాడు. ఎవడికి ఏ నష్టం వచ్చింది? చెవి అందకపోతే ఇంకో ఏడు ఆగి రమ్మనేవాడు సారు; ఇంతకు మించి బడిలో చేరేవాడికి వయసుతో పనేముంది? ఫోనుకు అంకెలు కావాలి, అంకెలు ఇచ్చాడు. తనకు ఇచ్చినవే ఇచ్చాడు. నలభై ఒక్క మందిలో ముప్పై ఎనిమిది మంది జూన్ ఒకటిన పుట్టారని ఆ కంప్యూటర్ ముందు కూర్చునే ఒక్క మహానుభావుడికైనా అనుమానం రావద్దా? చప్పట్లు కొట్టే ముందు ఒక్కడు కాగితం తిరగేసి చూడొద్దా?

పొగ ఆటోలోకి వచ్చింది. జావేద్ దగ్గుతూ దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని పొయ్యిల వైపు అరిచాడు. మామూ, నేను పోయి మల్ల అడుగుత, అన్నాడు. పో. అడుగు. అడుక్కో. ఎవరి రోడ్డు మీద ఎవరిని? అటునుంచి ఒక ముసలామె తెడ్డు పట్టుకుని వచ్చింది. నడుముకు కొంగు చుట్టి ఉంది, మొహమంతా చెమట. వాళ్లు ఆమెను వీరమ్మ వీరమ్మ అని పిలుస్తున్నారు. అవతలి పొయ్యి మీద అడుగు అంటిన గుండిగను ఒక మగాడు కలుపుతుంటే వెనక్కి తిరిగి, "ఓ నాయినా, నువ్వు కలిపితే అన్నం మాడుతది, నువ్వు పోయి మైకుల మాట్లాడు, గదే అల్కగ వస్తది మీకు!" అని అరిచింది. అక్కడున్న ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. ఇబ్రహీంకు ఒళ్లు మండింది. ఇదొక పెళ్లిపందిరి అయింది వీళ్లకు. ఈ ముసలామె కూడా వచ్చి బొద్దుగనే ఉన్నది గదా అంటుంది. అననీ. అంటే ఈసారి ఊరుకోడు.

వీరమ్మ అనలేదు. తెడ్డు ఆటోకు ఆనించి, కవిత పక్కన సగం వంగి, పిల్ల బుగ్గ మీద వేలి వెనక వైపుతో తట్టింది. పిల్ల కళ్లు తిరగలేదు.

"ఏడుస్తలేదేందే?"

"మూడొద్దులాయె అవ్వా."

"ఎన్ని నెలలు?"

"ఏమో అవ్వా."

"ఏమో అంటే? కన్నది నువ్వే గదా, నేనా? నువ్వు కన్ననాడు చేన్ల ఏముండె? వానలుండెనా?"

"వానలు లెవ్వు. పటాకులు." కవిత మొదటిసారి తలెత్తింది. "పటాకులు కాల్చిన్రు అవ్వా. తెలంగాణ వచ్చింది, తెలంగాణ వచ్చింది అని తండ మొత్తం ఉరికింది. నేను లోపట ఒర్రుకుంట ఉన్న. మా ఆయన నన్ను ఇడిసిపెట్టి ఎగురుటానికి పోయిండు. వచ్చి సూసెటాల్లకు పిల్ల పుట్టింది. తెలంగాణనే పేరు పెడుదాం అన్నడు. ఆడివిల్లకు ఆ పేరేంది, వద్దంటి."

వీరమ్మ నవ్వలేదు. "డిల్లీల చెప్పిన నాడా?"

"రాత్రి చెప్పిన్రంట. ఇది తెల్లారి పుట్టింది."

ఆ మాట పొయ్యిల దాకా పోయింది. ఎవరో, డిసెంబరు తొమ్మిది, అన్నారు. తొమ్మిది రాత్రి గదా, తెల్లారి అంటే పది, అని ఇంకొకరు. గులాబీ కండువా వాడు చేతిలో కర్రతో అట్లాగే నిలబడి వేళ్లు మడుస్తున్నాడు. అంతమందీ ఆ తారీకును సొంత ఇంటి సంగతిలా అప్పజెబుతున్నారు. చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, మైకు పట్టుకున్నవాళ్లు, అన్నం మాడ్చినవాళ్లు. ఈ డిసెంబరు వస్తే రెండేళ్లు, రావడానికి ఇంకా రెండు నెలలు.

"ఇరవై రెండు నెలలా?" అంది వీరమ్మ. "అమ్మో. ఏడాది పోరి అనుకుంటిని గదనే, గింత లేదు."

ఏడాది పోరి అనుకుంటిని. ఇబ్రహీం చెవిలో ఆ మాట దిగి అక్కడే ఉండిపోయింది. తానూ అదే అనుకున్నాడు. ఎందుకు అనుకున్నాడు? చిన్నగా ఉంది గనక. ఎందుకు చిన్నగా ఉంది? తిండి లేదు గనక. గింత ఉన్న పిల్లను చూసి గింతే వయసు రాశాడు. రాస్తే ఆ వయసుకు ఆ తూకం సరిపోయింది. సరిపోక ఏం చేస్తుంది? తూకం చూసి వయసు రాసి, ఆ వయసుతో మళ్లీ తూకం చూస్తే ఏ పిల్లకైనా పచ్చ రాక ఏం వస్తుంది? పిల్ల ఎంత బక్కగా ఉంటే తాను అంత చిన్నది చేశాడు. బలంగా ఉన్నవాళ్లకు వయసు సరిగ్గానే పడి ఉంటుంది. బక్కవాళ్లకే, ఎర్ర రంగు రావాల్సిన వాళ్లకే, ఒక్కొక్కరికీ తన చేత్తో ఆరు నెలలు, ఏడాది కోసేశాడు. సోమనర్సయ్య సారు చెవి అందిందా లేదా చూశాడు, తాను గోడ పట్టుకుని నిలబడిందా లేదా చూశాడు. ఒక్క ఎరుపు కూడా లేని ఊరు! ఎట్లా ఉంటుంది? అజీజ్‌బీ చేతిలో ఏడాదికి నలుగురైనా రోడ్డెక్కేవాళ్లు, తన చేతికి వచ్చాక ఒక్కరు ఎక్కలేదు, దానికి చప్పట్లు. శిక్షణ వాడు గిది ఎట్ల ఒత్తాలె అన్న మాటను ఎగతాళి చేశాడు. తాను ఆ మాట మళ్లీ ఎవరి నోటా రాకుండా ఒత్తడం నేర్చుకున్నాడు, అంతే, ఒత్తడమే నేర్చుకున్నాడు. వీరమ్మ ఒక్క నిమిషంలో అడిగిన మాట, చేన్ల ఏముండె అన్న మాట, తాను తొమ్మిది నెలలు అడగలేదు. అజీజ్‌బీ పదిహేడేళ్లు అడుగుతుంటే పక్కన కూర్చుని విన్నవాడే. పదిహేను ఇళ్లున్నాయని కసిరాడు. ఎవరి మీద? మక్కలు ఒలుచుకునే దాని మీద.

కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే తిరిగింది. ఫోను అందుకున్నాడు. పాత తారీకు మార్చనివ్వదు, ఒకసారి పంపితే తాళం పడినట్టే. కొత్త శిశువు నమోదు. తల్లి పేరు. శిశువు పేరు. ఒకటి, సున్నా. ఒకటి, రెండు. రెండువేల తొమ్మిది. రెండో గడి తెరుచుకుంది. తూకం అడిగింది. ఏడు, చుక్క, ఏడు. ముల్లు లేదు, చప్పుడు లేదు, తెర ఒక్క క్షణం నల్లబడి ఎర్రగా వచ్చింది. ఇన్ని నెలల్లో ఈ ఫోన్లో ఆ రంగు ఎట్లా ఉంటుందో చూడటం ఇదే మొదటిసారి. 'తక్షణ రిఫరల్.' పంపు అని ఒత్తాడు. పోయింది.

వీరమ్మ అప్పటికే పొయ్యిల వైపు తిరిగి కేకలేస్తోంది. దించున్రి, దించున్రి, ఈ నడిమి గుండిగ దించున్రి, చేతులు కాలుతయని సూస్తున్నరా, తెలంగాణ పోరి లోపట ఉన్నది, తొవ్వ ఇయ్యిన్రి. నలుగురు గోనెసంచులు చేతులకు చుట్టుకుని సగం ఉడికిన అన్నం గుండిగను ఎత్తి పక్కకు జరిపారు. కండువా వాడు కాలితో రాళ్లు దొర్లించాడు. మండే కట్టెలు రోడ్డు వారకు లాగారు. ఆటో పట్టేంత సందు అయింది.

ఫోను మోగింది. ప్రమీల.

"వచ్చింది అన్నా, ఎర్రది వచ్చింది. పంపించు, గేటు కాడ ఉంట. కానీ ఒకటే తల్లి, ఒకటే పేరు, రెండు తారీకులు సూపెడుతున్నది. ఏది నిజం అని నన్ను అడుగుతరు."

"ఇది నిజం. అది నేను రాసింది."

"మిగిలిన పిల్లలయి?"

జావేద్ ఆటో స్టార్టు చేసి, మామూ ఎక్కు, అంటున్నాడు. ఈ నాలుగు దారులు దాటితే మళ్లీ మానుకోట దాకా సిగ్నల్ లేదు.

"అన్నా, ఇంటున్నవా? మిగిలినయి గూడ గిట్లనే ఉంటే ఇప్పుడే చెప్పు. ఇంకో మూడు మంచాలున్నయి. మూడింటికి ఖాయం చేస్తే మల్ల పదిహేను రోజుల దాక తెరువరు. కానీ చెప్తే అంత మొత్తం బయటికి వస్తది. నీ కాగితం, నీ పేరు, నీ పని. సమజ్ చేసుకో. అజీజ్‌బీ అక్క పనని నేను ఇన్నొద్దులు నిన్ను..."

అజీజ్‌బీ పేరు ఎత్తవద్దు అనబోయాడు. ఎత్తవద్దని అనే హక్కు తనకేముంది? సీటు మీంచి దిగాడు. కింద తారు కాలుతోంది. కవిత వైపు చూసి, "బిడ్డా, నువ్వు పో. గేటు కాడ ప్రమీల అని ఒకామె ఉంటది, నీలిరంగు చీర, మెడల కార్డు. పిల్లను ఆమె చేతికే ఇయ్యి, వేరేటోళ్లకు ఇయ్యకు," అన్నాడు. ఇంకేదో అనాలి. పటాకుల సంగతి నన్నడిగిననాడే చెప్పకపోతివి అనే మాట నోటి దాకా వచ్చింది. అడిగింది ఎప్పుడు? ఆ మాట మింగేశాడు. జావేద్ ఎందుకని అడగబోతే, "నడువ్," అని గద్దించాడు. ఆటో పొయ్యిల సందులోంచి దూరి, అవతలి ఎండలోకి పోయింది.

"అన్నా?"

"ఉన్న."

"బక్కగ కనవడ్డోళ్ల పేర్లు చెప్పు. ఎంతమంది?"

కండువా వాడు, తెడ్డు పట్టుకున్న వీరమ్మ, గోనెసంచులు చేతులకు అట్లాగే ఉన్న మగవాళ్లు, అందరూ తన వైపే చూస్తున్నారు. చూడనీ. ఇబ్రహీం వాళ్లకు వీపు తిప్పలేదు, గొంతు తగ్గించలేదు.

"తొమ్మిది మంది," అన్నాడు. "రాసుకో. దస్రు కొడుకు లింగ్యా. ఏడాదిన్నర అని రాసిన. వాడు రెండేండ్లు దాటినోడు."